మన చేతి వాచీని మనమే గీద్దాం

హాస్టల్లో మనందరికీ ఉన్న గడియారం గంటే. తెల్లవారుజామున లేవడానికి ఒక గంట, స్టడీ అవర్‌కి ఒక గంట, అన్నానికి ఒక గంట, పడుకోవడానికి ఒక గంట. వరండా కొసన వేలాడే ఇనప ముక్క మీద కడ్డీతో కొడితే చాలు, టైమెంతయిందో ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేదు. మేము ఇక్కడ చదువుకున్న రోజుల్లో మా గది మొత్తానికి ఒక్కటే చేతి వాచీ ఉండేది. సంతలో కొన్న నల్ల ప్లాస్టిక్ డిజిటల్ వాచీ అది. బెల్టు తెగిపోతే వల అల్లే నైలాన్ దారంతో కట్టుకున్నాం. పరీక్షలొచ్చాయంటే ఆ వాచీ గదంతా తిరిగేది. "అన్నా, రేపు నాకియ్యన్నా, లెక్కల పరీక్ష" అని ముందురోజే వంతు చెప్పుకునేవాళ్లం.

మొన్న పాత విద్యార్థులమంతా కలుసుకోవడానికి హాస్టల్‌కి వచ్చినప్పుడు ఒక తమ్ముడు తన ఫోనులో కొన్ని బొమ్మలు చూపించాడు. అన్నీ చేతి వాచీల బొమ్మలే. కానీ ముల్లు లేదు, అంకె లేదు. ఒకదాంట్లో చుక్కలు వెలుగుతున్నాయి. ఒకదాంట్లో గీతలు పెరుగుతూ తరుగుతూ ఉన్నాయి. ఇంకొకటి గాజుతో చేసిన గాజులాగా ఉంది, టైము ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇవన్నీ షాపులో దొరికేవి కావనీ, ఎవరెవరో ఊహించి గీసిన నమూనాలనీ, వీటిని కాన్సెప్ట్ డిజైన్లంటారనీ ఆ తమ్ముడే చెప్పాడు. మాలో కొందరం నవ్వాం. "టైము చూసుకోడానికి కూడా ట్యూషన్ పెట్టుకోవాల్నా ఏంది?" అని ఒకడన్నాడు. ఆ నవ్వు కాసేపటికి వాదనగా మారింది. ఆ వాదనలో చివరకు మాకు తేలిన మాటే ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

మా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది. చూడ్డానికి వింతగా ఉన్నంత మాత్రాన వాచీ కొత్తదైపోదు. ఇంతవరకూ ఎవరూ లెక్కలోకి తీసుకోనివాళ్ల కాలాన్ని చూపించే వాచీయే నిజంగా కొత్త వాచీ. అలాంటిది గీయగలిగిన వాళ్లు మన హాస్టళ్లలోనే ఉన్నారు.

ముందు ఆ చుక్కల వాచీల గురించి న్యాయంగా మాట్లాడుకుందాం. నవ్విన మేమే తర్వాత దాని లెక్క తెలుసుకుని ఆశ్చర్యపోయాం. పై వరసలో నాలుగు దీపాలుంటాయి. వాటి విలువలు 8, 4, 2, 1. అవి గంటలు. కింది వరసలో ఆరు దీపాలు. వాటి విలువలు 32, 16, 8, 4, 2, 1. అవి నిమిషాలు. పైన 8, 2 వెలిగితే పది గంటలు. కింద 32, 4, 1 వెలిగితే 37 నిమిషాలు. అంటే టైము 10:37. కంప్యూటరు లోపల లెక్కలన్నీ ఇలా రెండే గుర్తులతో, వెలగడం ఆరడంతో జరుగుతాయని మనం పుస్తకంలో చదువుకుంటాం. ఆ పాఠాన్ని మణికట్టు మీద కట్టుకుని తిరగవచ్చునని ఎవరికో తోచింది. అది తెలివైన పనే. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఆ వాచీ ఇస్తే బైనరీ లెక్క వారం రోజుల్లో వచ్చేస్తుంది.

అసలు డిజిటల్ వాచీయే ఒకప్పుడు ఇలాంటి వింత. అమెరికాలో హామిల్టన్ సంస్థ 1972లో పల్సర్ అనే వాచీని అమ్మకానికి పెట్టింది. ముల్లు లేకుండా ఎర్రటి అంకెలతో టైము చూపించిన మొదటి చేతి వాచీ అదే. బంగారు కేసుతో దాని ధర 2,100 డాలర్లు. ఆ రోజుల్లో అక్కడ ఒక చిన్న కారు వచ్చే డబ్బు అది. ఇంత ఖరీదు పెట్టినా అంకెలు ఎప్పుడూ కనిపించవు. ఎల్ఈడీ దీపాలు బ్యాటరీని తాగేస్తాయి కాబట్టి బటన్ నొక్కినప్పుడే వెలిగేవి. అంటే టైము చూసుకోడానికి రెండో చెయ్యి కూడా కావాలి! ఆ ఇబ్బందిని ఎల్‌సీడీ తెర తీర్చింది. 1973లో సెయికో, 1974లో కేసియో అలాంటి తెరతో వాచీలు తెచ్చాయి. 1976లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే సంస్థ ప్లాస్టిక్ కేసుతో డిజిటల్ వాచీని 20 డాలర్లకే ఇచ్చింది. కారు ధర పలికిన వస్తువు నాలుగేళ్లలో సామాన్యుడి చేతికొచ్చింది. 1989లో వచ్చిన కేసియో ఎఫ్-91డబ్ల్యూ ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. మన సంతల్లో దొరికే నల్ల వాచీలు చాలా వరకు దాన్ని చూసి చేసినవే.

ఈ చరిత్రలో మాకు బాగా నచ్చిన ఘట్టం ఇంకొకటుంది. కేసియో ఇంజినీరు కికువో ఇబే వాళ్ల నాన్న ఇచ్చిన వాచీ కింద పడి పగిలిపోయింది. పడినా పగలని వాచీ చేయాలని ఆయన 1981లో మొదలుపెట్టాడు. సుమారు 200 నమూనాలు చేసి ఎత్తు నుంచి కింద పడేశాడు. ఎలా చేసినా లోపల ఏదో ఒక భాగం పగిలిపోయేది. చివరకు పార్కులో ఒక పాప బంతితో ఆడుకుంటుంటే చూసి, బంతి నడుమ ఉన్నదానికి దెబ్బ తగలదు కదా అనుకున్నాడు. వాచీ గుండెకాయను లోపల తేలుతున్నట్టు నిలబెట్టాడు. అదే 1983లో వచ్చిన జీ-షాక్. ఇందులో మనం గమనించాల్సింది ఒకటే. ఆయన వింతగా ఉండాలని మొదలుపెట్టలేదు, తన నష్టం నుంచి మొదలుపెట్టాడు.

మన దేశం కూడా ఈ పనిలో వెనకపడి లేదు. హెచ్ఎంటీ 1961 నుంచి వాచీలు చేసింది. దేవనాగరి అంకెల డయలుతో చేసింది, చూపులేని వాళ్ల కోసం బ్రెయిలీ వాచీ కూడా చేసింది. మన హైదరాబాదులో ఆల్విన్ సంస్థ సెయికో సహకారంతో వాచీలు తయారుచేసింది. ఇప్పుడు ఆల్విన్ వాచీ లేదు. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఫ్యాక్టరీలు పోయాయి సరే, ఆలోచన ఎందుకు పోవాలి?

ఇక మన తీరం సంగతికి వద్దాం. మన హాస్టల్లో చదివిన వాళ్లలో సగం మందికి సముద్రం తెలుసు. మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె పక్క పాలేల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల దగ్గర పెరిగినవాళ్లున్నారు. పులికాటు ఒడ్డున రొయ్య పట్టే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లున్నారు. వీళ్ల ఇళ్లలో కాలం 12 గంటల గడియారంతో నడవదు. పోటు, పాటుతో నడుస్తుంది. నీళ్లు ఎక్కేటప్పుడు చేసే పని వేరు, దిగేటప్పుడు చేసే పని వేరు. మన తీరంలో పోటుకూ పాటుకూ ఎత్తులో తేడా గుజరాత్ ఖంభాత్ దగ్గర ఉన్నంత పెద్దది కాదు. అయినా ఏటి మొగల దగ్గర, పులికాటు మొగ దగ్గర పడవ దాటాలంటే ఆ కాస్త నీరే లెక్క.

పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. కానీ నిన్నటి టైముకి ఇవాళ రాదు. రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. చంద్రుడు కూడా రోజూ ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి ఇలా జరుగుతుంది. గోడ గడియారంతో లెక్క కట్టేవాడికి ఇది తికమక. మన పాత లెక్కలో ఇది తేలిక. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు. రెండు ఘడియలంటే 48 నిమిషాలు. అంటే పోటు రోజుకు రెండు ఘడియలు వెనక్కి పోతుందన్న మాట. పుస్తకం చదవని తాత వేళ్ల మీద తిథి లెక్కపెట్టి పోటు ఎప్పుడో చెప్పేది ఈ లెక్కతోనే. గడియారం అనే మాటలోనే ఘడియ ఉంది. మాటలో మిగిలింది, వాచీలో మాత్రం లేదు.

పోటు చూపించే వాచీలు ప్రపంచంలో లేకపోలేదు. అలల మీద పలకలతో ఆడుకునే సర్ఫింగ్ వాళ్ల కోసం కేసియో వంటి సంస్థలు చేసి అమ్ముతున్నాయి. ఆటకు వెళ్లేవాడికి ఆ వాచీ ఉంది, అన్నం కోసం వెళ్లేవాడికి లేదు. మాకు బాధ కలిగింది ఇక్కడే.

అందుకే ఆ రోజు వరండాలోనే కూర్చుని, ఒక నోటు పుస్తకం వెనక అట్ట మీద మేమే ఒక వాచీ గీశాం. దానికి పోటువాచీ అని పేరు పెట్టుకున్నాం. తెర మీద ఆరు గీతలుంటాయి, నిచ్చెన మెట్లలాగా. నీళ్లు ఎక్కుతుంటే కింది నుంచి పైకి ఒక్కో మెట్టూ నల్లబడుతుంది, దిగుతుంటే పై నుంచి ఖాళీ అవుతుంది. ఒక పోటు నుంచి ఇంకో పోటుకు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి లోపలి లెక్క ఆ చుట్టుకు కడతాం. చదువు రాకపోయినా తెలిసిపోతుంది. సరిచేసుకోవడం కూడా తేలికే. తన పాలెం ఒడ్డున నీళ్లు నిండుగా ఉన్నప్పుడు బటన్ ఒకసారి నొక్కితే చాలు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ, అష్టమికి తక్కువ కాబట్టి మూలన చిన్న చంద్రుడి గుర్తు ఉంటుంది. అమావాస్యకొకసారి మళ్లీ సరిచూసుకోవాలి. ఇందులో కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. సంతలో వాచీకున్న పాటి బుర్ర సరిపోతుంది. మార్చాల్సింది లెక్క ఒక్కటే.

"ఇప్పుడందరికీ ఫోన్లున్నాయి కదన్నా, వాచీ ఎందుకు?" అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. వలలాగే చేతులకు ఉప్పునీళ్లు, చేపల జిగురు. ఫోను పాలిథిన్ సంచిలో మూడు ముళ్లేసి పడవ మూల పెట్టి ఉంటుంది. మణికట్టు మీదున్నది అయితే కళ్లు తిప్పి చూస్తే చాలు. పని ఆపకుండా చూసుకోగలగడమే చేతి వాచీ గొప్పతనం.

ఇంకొక తమ్ముడు ఇంకో వాచీ చెప్పాడు. రేవుల్లో తుఫాను హెచ్చరికకు 1 నుంచి 11 దాకా నంబర్లున్నాయి. కృష్ణపట్నం రేవులో ఫలానా నంబరు ఎగరేశారని రేడియోలో వింటూనే పెరిగాం. నంబరు పెరిగే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 10 అంటే మహా ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానునూ, 2004 డిసెంబరు 26 సునామీనీ మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రం 2007 నుంచి సునామీ హెచ్చరికలిస్తోంది. సముద్రం లోపల ఫోను సిగ్నల్ అందని చోట ఉపగ్రహం ద్వారా హెచ్చరిక అందించే జెమిని అనే పరికరాన్ని 2019లో తెచ్చారు. అది బ్లూటూత్‌తో ఫోనుకు కలుస్తుంది. ఫోనుకు కలిసేది వాచీకి ఎందుకు కలవకూడదు? టైము చోట ఒక్క పెద్ద అంకె వచ్చి, చెయ్యి అదిరేలా వణికితే చాలు. మోటారు చప్పుడులో మోగే గంట వినపడదు, చేతి మీద వణుకు తెలుస్తుంది.

మూడో వాచీ ఒక మనవడిది. వాళ్ల అవ్వకు చూపు పోయింది. "అబ్బయ్యా, ఎంతయిందిరా?" అని రోజంతా అడుగుతూనే ఉంటుందట. ఇలాంటి ప్రశ్న నుంచే అమెరికాలో ఒక వాచీ పుట్టింది. ఎంఐటీలో హ్యూంగ్‌సూ కిమ్ అనే విద్యార్థిని పక్క సీట్లోని చూపులేని మిత్రుడు క్లాసులో టైము అడుగుతూ ఉండేవాడు. ఆయన దగ్గర మాట్లాడే వాచీ ఉంది, కానీ క్లాసులో అది అరిస్తే అందరూ తిరిగి చూస్తారు. కిమ్ మొదట బ్రెయిలీ అంకెల వాచీ ఆలోచించాడు. చూపులేని వాళ్లనే అడిగితే, తమలో బ్రెయిలీ వచ్చినవాళ్లు తక్కువని చెప్పారు. అప్పుడు రెండు చిన్న ఇనప గుండ్లతో, తడిమి చూసుకునే వాచీ చేశాడు. ఒక గుండు నిమిషాలకు, ఒకటి గంటలకు. 2013లో అది బ్రాడ్లీ పేరుతో వచ్చింది. వేసుకునేవాళ్లను అడగకుండా గీసి ఉంటే ఆ వాచీ తప్పిపోయేది. మన తమ్ముడు అవ్వను అడిగే గీశాడు. ఆమెకు నిమిషాలు అక్కర్లేదట, "ఏ జామో తెలిస్తే చాలు" అందట. జాము అంటే మూడు గంటలు, రోజుకు ఎనిమిది జాములు. అందుకే వాడి వాచీలో ఎనిమిది బొడిపెలే ఉన్నాయి. ఎన్నో జాము నడుస్తుంటే ఆ బొడిపె పైకి లేస్తుంది. అంతకంటే మంచి డిజైన్ ఏ దేశపు బొమ్మల్లోనూ మాకు కనిపించలేదు.

తెలుగు అంకెల వాచీ కూడా గీయబోయి ఒక పాఠం నేర్చుకున్నాం. మామూలు డిజిటల్ తెరలో ఒక్కో అంకెకు ఏడు గీతలుంటాయి. ఆ ఏడింటితో 0 నుంచి 9 దాకా రాసేయొచ్చు. మన ౧, ౨, ౩ మాత్రం ఆ గీతల్లో ఇమడవు. మన అంకెలన్నీ వంపులు. వాటికి చుక్కల తెర కావాలి. తప్పు మన అంకెలది కాదు, ఆ ఏడు గీతలు గీసిన రోజున మన అంకెలు ఎవరి మనసులోనూ లేవు. ఒక వస్తువు గీసేటప్పుడు ఆ గదిలో లేనివాళ్లు ఆ వస్తువులోనూ ఉండరు.

ఈ మాట మాకు ఊరికే తట్టలేదు. మా గదిలో ఒకడు ఒక ప్రవేశ పరీక్షకు వెళ్లి గేటు దగ్గరే ఆగిపోయాడు. నైలాన్ దారం కట్టిన మన వాచీ ఇంకా రెండు నిమిషాలుందని చెబుతోంది. గేటు లోపలి గడియారం అయిపోయిందంది. లోపలి గడియారమే గెలిచింది. బస్సు ఆలస్యం, ఊరి దూరం, ఏవీ ఆ గడియారంలో లేవు. ఆ ఏడాది పోయింది. వాడు నిలదొక్కుకున్నాడు, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, కానీ ఇప్పటికీ ఎక్కడికి పోయినా గంట ముందే పోయి నిలబడతాడు. ఎవరి గడియారం చెల్లుతుందో, ఎవరిది చెల్లదో మనకు చిన్నప్పుడే తెలిసిపోతుంది.

మన తీరంలోనే ఇంకో గడియారం ఉంది. శ్రీహరికోటలో వెనక్కి లెక్కపెట్టే గడియారం. పాత నెల్లూరు జిల్లాలోని ఆ దీవి 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగరాల్సి ఉండగా, ఇంకా 56 నిమిషాలుందనగా ఆ గడియారాన్ని ఆపేశారు. లోపం సరిచేసి జులై 22న పంపించారు. దేశమంతా చూస్తుండగా గడియారం ఆపడానికి వాళ్లు సిగ్గుపడలేదు. రాకెట్టు కోసం ఆగే గడియారం, పిల్లవాడి కోసం రెండు నిమిషాలు ఆగదా అనిపిస్తుంది. ఇదే గడియారం మన పాలేలకు ఇంకో రకంగా తెలుసు. ప్రయోగం ఉందంటే ఆ వైపు వేటకు పోవద్దంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం కూడా అంతే, ఇంటిల్లిపాదీ రోజులు వెనక్కి లెక్కపెట్టుకోవాల్సిందే. అలా లెక్కపెట్టే వాచీ కూడా ఒకటి గీయవచ్చు.

కొందరు పెద్దలు అంటారు, "వేళకు తిని మార్కులు తెచ్చుకోండి, బొమ్మలతో ఏం పని?" అని. వాళ్ల భయం మాకు తెలుసు. మన పిల్లలకు రెండో అవకాశం తేలిగ్గా దొరకదు. మార్కులు కావాల్సిందే. కానీ ఇలా గీయడమే ఒక చదువని మాకు ఎవరూ చెప్పలేదు. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినా డిజైన్ డిగ్రీకి వెళ్లొచ్చు. 2015లో మన రాష్ట్రానికే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. ఐఐటీల్లో డిజైన్ కోర్సుకు యూసీడ్ అనే పరీక్ష ఉంది. వీటిలో మనకు రిజర్వేషన్లున్నాయి. బొమ్మ వేయడమొక్కటే కాదు, ఎవరికి ఏం కావాలో గమనించే చూపు అక్కడ అడుగుతారు. ఆ చూపు ఒక గదిలో పదిమంది సర్దుకుని బతికిన మనకు ఉన్నంతగా ఎవరికుంటుంది?

కాబట్టి తమ్ముళ్లారా, మాది ఒక్క కోరిక. వచ్చే వార్షికోత్సవానికి పాటలు, నాటికలు, ఆటల పోటీలతో పాటు డైనింగ్ హాల్లో ఒక గోడ ఖాళీగా ఉంచండి. గదికొక వాచీ బొమ్మ గీసి అంటించండి. బొమ్మ కింద మూడు మాటలు రాయాలి. ఇది ఎవరి చేతికి? వాళ్లను అడిగారా? ఇది వాళ్లకు ఏం చెబుతుంది? అట్టముక్క, పెన్సిలు తప్ప ఖర్చు లేదు. పూర్వ విద్యార్థులం మేమొచ్చి చూస్తాం. గీతలు వంకరగా ఉన్నా పర్వాలేదు. డిజైన్ చదువులకు దరఖాస్తు పెట్టాలనుకునేవాళ్లకు ఫీజు, దారి ఖర్చు మేము చూసుకుంటాం. ఆ మాట ఈ సంచికలో అచ్చయింది కాబట్టి మమ్మల్ని నిలదీయొచ్చు.

నైలాన్ దారం కట్టిన ఆ నల్ల వాచీ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. దాన్ని చేసినవాళ్లకు మన గది సంగతి తెలియదు, ఒకే వాచీని పదిమంది వంతులేసుకుని కట్టుకుంటారని వాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు. ఈసారి చేసే వాచీకి మాత్రం మన గది సంగతి తెలియాలి. ఆ పని మీతోనే మొదలవ్వాలి.